ఏ పాఠం శ్రేష్ఠం? — పద్యనాటక అభిమానుల తగవు

పద్యనాటకాల అభిమానులు నలుగురు ఒకచోట చేరితే నాటకం గురించి మాట్లాడుకోరనీ, ఎవరి కృష్ణుడు గొప్ప, ఎవరి పాఠం అసలైనది అని తగవులాడుకుంటారనీ మన విద్యాధికులు నవ్వుతూ వుంటారు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలో కొందరు మరొక అడుగు ముందుకు వేసి, పురాణ కథలూ వాటి మీద తగవులూ భూస్వామ్య యుగం వదిలిపోయిన చెత్త అనీ, వాటితో మనకు పనిలేదనీ తేల్చేస్తారు. ఈ రెండు వైఖరులూ సరైనవి కావని నా అభిప్రాయం.

ఈ తగవులో విమర్శ వుంది. సాహిత్య విమర్శ అన్న మాట ఎన్నడూ వినని మనిషి "అక్కడ ఆ పద్యం అలా సాగదీయగూడదు, దుర్యోధనుడు జవాబు చెప్పవలసిన చోటు అది" అంటే, అతను చేస్తున్నది విమర్శకుడి పనే. కాలేజీలో పరీక్షకోసం రస సిద్ధాంతం వల్లించే విద్యార్థి కంటే అతను నాటకానికి దగ్గరగా వున్నాడు. అయితే ఈ ప్రజా విమర్శ తన ప్రశ్నను తాను సరిగా వేసుకోవడం లేదు. "ఏ పాఠం అసలైనది?" అని అడుగుతున్నది. "ఈ మార్పు నాటకంలోని వాదాన్ని పెంచిందా, చంపిందా? దానికి జవాబు చెప్పే వారెవరు?" అన్నవి అడగవలసిన ప్రశ్నలు. అవి అడగకపోవడం వల్ల జరిగిన నష్టం మనం 2022లో కళ్ళారా చూశాం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో వున్న ఇబ్రహీంపట్నం వంటి ఊరు ఈ తగవును అర్థం చేసుకోవడానికి మంచి చోటు. విజయవాడ నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద వున్న ఈ ఊళ్ళో ఒక దారి చీలి కొండపల్లి మీదుగా మైలవరం పోతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో మైలవరం జమీందారు పోషణలో నడిచిన మైలవరం కంపెనీ పేరు ఆంధ్రదేశమంతా తెలుసు. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటులు ఆ కంపెనీలో పేరు తెచ్చుకున్నవారే. 1979లో థర్మల్ విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టాక, పొలం పనుల వాళ్ళకు తోడు కార్మికులూ ఉద్యోగులూ ఈ ప్రాంతానికి చేరారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన వాడికి పీసపాటి కృష్ణుడే కృష్ణుడు. గుంటూరు వాడికి ఈలపాట రఘురామయ్యను మించినవాడు లేడు. షణ్ముఖి ఆంజనేయరాజు పేరెత్తితే తప్ప మాట సాగని వాళ్ళు ఇరుపక్కలా వుంటారు. రఘురామయ్య 1975లోనూ, పీసపాటి 2007లోనూ పోయారు. వాళ్ళ తగవు మాత్రం పోలేదు. రికార్డుల మీదా, టేపుల మీదా, ఇప్పుడు సెల్‌ఫోన్ల మీదా సాగుతూనే వుంది.

తగవు ప్రధానంగా "కురుక్షేత్రం" మీద. ఆ పేరుతో రాత్రంతా ఆడే నాటకం ఏ ఒక్క పుస్తకంలోనూ ఆ రూపంలో వుండదన్నది ముందుగా గమనించాలి. తిరుపతి వేంకట కవులు భారత కథను ఆరు నాటకాలుగా రాశారు. వాటిలో పాండవోద్యోగం, పాండవ విజయం అనే రెండింటి నుంచి రంగాలు తీసుకుని, నటులూ హార్మోనిస్టులూ కలిసి ఒక రాత్రికి సరిపడే నాటకం చేసుకున్నారు. పడకసీను, రాయబారం, యుద్ధసీను అని ప్రేక్షకులు పిలుచుకునేవి ఆ నాటకానికి మూడు స్తంభాలు.

ఈ నాటకం గురించి వాదించే వాళ్ళలో మూడు పక్షాలున్నాయి. మొదటిది పుస్తకం పక్షం. కవులు అచ్చు వేయించిన పాఠమే ప్రమాణం, దానికి ఒక పద్యం కలిపినా తీసినా అపచారం అంటుంది. రెండోది నటుడి పక్షం. పుస్తకం ఎముకల గూడు, దానికి ప్రాణం పోసినవాడు నటుడు, కనక ఫలానా నటుడు చదివిందే పాఠం అంటుంది. మూడోది ప్రేక్షకుడి పక్షం. వన్స్‌మోర్ కొట్టించుకున్నదే మంచి పాఠం, జనం మెచ్చనిదానికి ప్రమాణమేమిటి అంటుంది.

పుస్తకం పక్షం వారి వాదం పైకి గట్టిగా కనిపిస్తుంది. కాని వాళ్ళు ప్రమాణం అంటున్న పుస్తకమే ఒక మార్పు. పదమూడో శతాబ్దంలో తిక్కన వ్యాసుడి ఉద్యోగపర్వాన్ని తెలుగు చేస్తూ దానిని తన కాలానికి తగినట్టు మలుచుకున్నాడు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి తిక్కన రాసినదాన్ని రంగస్థలానికి తగినట్టు మలుచుకున్నారు. తిక్కన పద్యం చదువుకునే పద్యం. వీరి పద్యం ఎదుటివాడి మొహం మీద విసిరే పద్యం. బందరు హైస్కూలులో తెలుగు పండితుడిగా పనిచేసిన వెంకట శాస్త్రికి వాడుకలోని మాట విసురు తెలుసు. అవధానాలు చేస్తూ ఊరూరా తిరిగిన ఈ జంటకు సభ నాడి తెలుసు. బావా బావమరదుల పలకరింపు ఎక్కడ వెటకారంగా మారుతుందో, వెటకారం ఎక్కడ బెదిరింపు అవుతుందో వారికి తెలిసినట్టు చాలామంది పండితులకు తెలియదు. అంచేతనే వారి పద్యాలు పశువుల కాపరి నోట కూడా నిలిచాయి. అటువంటప్పుడు తిక్కనను మార్చడానికి వారికున్న హక్కు వారి తర్వాతి వారికి ఎందుకు లేదు?

అంతే కాదు. ఆరు నాటకాలలో ఈ రెండింటినే, ఈ రెండింటిలో ఈ మూడు రంగాలనే జనం ఎందుకు ఎంచుకున్నారు? ఎంపిక కూడా ఒక వ్యాఖ్యానమే. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయిన తర్వాత డెల్టాలో భూమికి వెనక లేని విలువ వచ్చింది. విలువ వచ్చిన చోటికి పంపకాల తగాదాలూ వచ్చాయి. అన్నదమ్ములు కోర్టులకెక్కారు, పెద్దమనుషులు మధ్యవర్తిత్వాలకు తిరిగారు. అటువంటి సమాజానికి ఐదూళ్ళిస్తే చాలునన్న బేరం పురాణం కాదు. అది పక్కింటి సంగతి. రాయబారంలో కృష్ణుడు దేవుడిగా కాక, తెలివైన మధ్యవర్తిగా నిలబడితేనే ఆ రంగం రక్తి కడుతుంది. దుర్యోధనుడు రాక్షసుడిగా కాక, చేతికొచ్చిన భూమిని వదలని దాయాదిగా కనిపిస్తేనే ఎదురు వాదన నిలబడుతుంది. రెండు నాటకాలను కోసి ఒకటిగా కుట్టినవాళ్ళు ఎవరైనా గాని, వాళ్ళకు తమ ప్రేక్షకులు తెలుసు. ఈ కుట్టును అపచారమనడానికి వీల్లేదు.

ఇక నటుడి పక్షం. ఇక్కడ తగవంతా రాగం చుట్టూ తిరుగుతుంది. అర నిమిషంలో చదవగల పద్యాన్ని ఆలాపనతో ఐదారు నిమిషాలు సాగదీయవచ్చునా? రఘురామయ్య నోట్లో వేలు పెట్టుకుని వేసే ఈల కృష్ణుడి వేణువా, లేక సర్కసు విద్యా? పీసపాటి రాయబారంలో పద్యాన్ని అర్థం విరగకుండా పలకడం గొప్పదా, షణ్ముఖి గొంతులోని తీపి గొప్పదా?

దీనిని రుచి భేదమని వదిలేయడం తేలిక. కాని రాగం ఎందుకు పుట్టిందో చూస్తే కొంత వెలుగు కనిపిస్తుంది. మైకులు లేని రోజుల్లో, ఆరుబయట, వేలమంది మధ్య, చివర కూర్చున్న వాడికి మాట చేరాలంటే గొంతు నిలబెట్టి సాగదీయక తప్పదు. హార్మోనియం శ్రుతి ఆ గొంతుకు ఊతకర్ర. అది కళ కాకముందు అవసరం. మైకు వచ్చాక అవసరం పోయింది, అలవాటు మిగిలింది. 1932లో తొలి తెలుగు టాకీ వచ్చాక, పోషకులు తగ్గి నాటక కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నెల జీతం మీద ఏళ్ళ తరబడి కలిసి ఆడిన నటులు చెదిరిపోయారు. వాళ్ళ స్థానంలో కంట్రాక్టు నాటకం వచ్చింది. కంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణీ, మరొక ఊరి నుంచి దుర్యోధనుణ్ణీ, వేరొకచోట నుంచి కర్ణుణ్ణీ పిలుస్తాడు. వాళ్ళు సాయంత్రం దిగి, రంగు పూసుకుని, రిహార్సలు లేకుండానే తెల్లవారేదాకా ఆడతారు.

ఇది సాధ్యమయిందంటే కారణం అందరికీ తెలిసిన ఉమ్మడి పాఠం. దీనిని చిన్న విషయంగా చూడగూడదు. ఒకరినొకరు ఎరగని పదిమంది, దర్శకుడు లేకుండా, ఒక రాత్రికి ఒక ప్రపంచాన్ని నిలబెట్టగలుగుతున్నారు. ఎవరు ఏ శ్రుతిలో పాడతారో, ఎక్కడ ఎత్తుకుంటారో, ఎక్కడ వదులుతారో తెలిసిన హార్మోనిస్టు వాళ్ళందరినీ కలిపే సూత్రం. పాఠం అన్నది ఈ నాటకానికి శాసనం కాదు. ఆటగాళ్ళ మధ్య ఒప్పందం.

కాని కంట్రాక్టు ఆ ఒప్పందాన్ని సరుకుగా మార్చింది. వన్స్‌మోర్‌లు ఎక్కువ పడే నటుడికి రేటు ఎక్కువ. కనక నటుడు వన్స్‌మోర్ పడే పద్యాన్ని పెంచుతాడు, పడని సంభాషణను మింగుతాడు. సంధి అడగడానికి వచ్చిన రాయబారి అదే మాట మూడుసార్లు పాడతాడు. జవాబు చెప్పవలసిన దుర్యోధనుడు చేతులు కట్టుకుని కచేరీ వింటాడు. ఒక్క రాత్రిలో పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొక కృష్ణుడు, యుద్ధానికి మరొక కృష్ణుడు దిగే పద్ధతి ఇందులో నుంచి వచ్చిందే. అభిమాని తన కృష్ణుడి సీను కాగానే దుప్పటి దులుపుకుని ఇంటికి పోతాడు. పాత్ర ముక్కలయింది. దానితో పాటు తగవు కూడా ముక్కలయింది. "ఈ పద్యం ఇక్కడ ఏం చేస్తున్నది?" అన్న ప్రశ్న పోయి, "నావాడికి ఎన్ని వన్స్‌మోర్‌లు?" అన్న లెక్క మిగిలింది.

అంచేత నా కొలత ఇది. రాయబారం ఒక వాదం. ఆ వాదంలో ఎదుటివాడికి మాట్లాడే చోటు మిగిల్చే పాఠం మంచి పాఠం. ఎదుటివాణ్ణి బొమ్మ చేసేది, ఎంత తియ్యగా వున్నా, చెడ్డ పాఠం. ఈ కొలతతో చూస్తే పీసపాటి పద్ధతికి బలం ఎక్కువని నేననుకుంటాను. రఘురామయ్య అభిమానులు దీనికి ఒప్పుకోరు. ఒప్పుకోనక్కర లేదు కూడా. కాని వాళ్ళు నాకు చెప్పవలసిన జవాబు ఈల ఎంత తియ్యగా వుందన్నది కాదు, ఆ ఈల వల్ల రంగంలో ఏం జరిగిందన్నది.

మార్పు అంటేనే పతనమని భయపడే వారికి "సత్య హరిశ్చంద్ర" కాటిసీను చూపించాలి. ఈ నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసింది. కాని కాటిసీనులో హరిశ్చంద్ర పాత్రధారి గొంతెత్తి చదివే పద్యాలలో జనం గుండెల్లో నాటుకున్నవి గుర్రం జాషువా శ్మశానం మీద రాసినవి. అవి ఈ నాటకానికి రాసినవి కావు. ఒక ఖండకావ్యం నుంచి నటులు తెచ్చి ఇక్కడ పెట్టారు. పుస్తకం పక్షం వారి లెక్క ప్రకారం ఇది ప్రక్షిప్తం. కాని ఆ చేర్పు చేసిన పని చూడండి. మూలకథలో కాటిసీను ఒక రాజు సత్యనిష్ఠకు పరీక్ష. అతను కాటికాపరి కావడం అతనికి పట్టిన దుర్దశ. జాషువా పద్యాలు అక్కడ చేరగానే దృష్టి రాజు కష్టం మీద నుంచి మట్టి మీదికి మళ్ళుతుంది. గొప్పా బీదా అన్న తేడా లేకుండా అందరినీ కలుపుకునే ఆ నేల మాట్లాడుతుంది. అంటరానితనాన్ని ఒంటి మీద మోసిన కవి మాట, ఆ అంటరానితనాన్ని పాటించే ఊరి నడిబొడ్డున, వీధిలో, వన్స్‌మోర్‌ల మధ్య మోగింది. ఆ కవిని పక్కన కూర్చోబెట్టుకోని వాడు కూడా ఆ పద్యాన్ని కంఠతా పట్టాడు. దీనితో కులం పోయిందని నేననను. పద్యం వింటే కులం పోయేటట్టయితే మనకింత పని వుండేది కాదు. కాని నాటకం పెరిగింది. నాటకంలో ఒక కొత్త గొంతు చేరింది. ఇవాళ ఆ పద్యాలు తీసేసి "అసలు పాఠం" ఆడితే ప్రేక్షకుడు మోసపోయినట్టు బాధపడతాడు. అతని బాధ న్యాయమైనది.

నటుడు కవి అయిన సందర్భాలూ వున్నాయి. ముత్తరాజు సుబ్బారావు రాసిన "శ్రీకృష్ణ తులాభారం"లో సత్యభామ పాడే ప్రసిద్ధమైన పాట నాటకకర్తది కాదు. ఆ పాత్ర ధరించిన స్థానం నరసింహారావు తానే రాసుకున్నది. సత్యభామ గర్వం ఎంత ముద్దుగా వుండవచ్చో ఆ పాటలో తేలింది. పుస్తకంలో లేని ఆ పాట లేకుండా ఇప్పుడు ఆ నాటకాన్ని ఊహించలేం.

ఈ తగవు మన ఒక్కరి సొత్తేమీ కాదు. ఇటువంటిదే మరొకటి అమెరికాలో పుట్టి ప్రపంచమంతా పాకింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట అచ్చువేశారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకడు కథ నడుపుతాడు. పాచికలు వేసి, నియమాల పుస్తకం చూసి, నోటితోనే కథను అల్లుకుంటూ పోతారు. వేషం లేదు, రంగస్థలం లేదు, ప్రేక్షకుడు లేడు. మిగిలినదంతా మన కంట్రాక్టు నాటకం వంటిదే. ఉమ్మడి పాఠం తెలిసిన కొత్తవాళ్ళు ఎక్కడ కలిసినా ఆడుకోగలరు. కథ నడిపేవాడి పని మన హార్మోనిస్టు పనికి దూరం కాదు. ఆ ఆట నియమాల పుస్తకం 1989లో, 2000లో, 2008లో, 2014లో కొత్తగా మారింది. మారినప్పుడల్లా అభిమానులు పక్షాలుగా చీలారు. పాతదే ఆట, కొత్తది వ్యాపారం అని కొందరు, పాతది గజిబిజి, కొత్తది తేట అని కొందరు. 2008 నాటి పాఠం నచ్చని వారికోసం పాత నియమాల మీద ఆధారపడి 2009లో "పాత్‌ఫైండర్" అనే మరొక ఆటే బయలుదేరింది.

పైకి ఇది మన తగవు వంటిదే గాని లోపల ఒక పెద్ద తేడా వుంది. ఆ ఆట కంపెనీ ఆస్తి. కొత్త పాఠం వచ్చిందంటే పాత పుస్తకాలు పక్కన పెట్టి కొత్తవి కొనాలి. "ఏది శ్రేష్ఠం?" అన్న అభిమాని ప్రశ్నలో సగం "నా చేతిలోని పుస్తకాన్ని నువ్వెందుకు చెల్లకుండా చేశావు?" అన్న కొనుగోలుదారు గోడు. 2000లో కంపెనీయే ఆ నియమాలను ఇతరులు వాడుకునేందుకు అనుమతి ఇచ్చింది. 2023 జనవరిలో ఆ అనుమతిని బిగించాలని చూసింది. అప్పటిదాకా పాఠభేదాల మీద కొట్టుకున్న అభిమానులు ఒక్కటై ఎదురు తిరిగారు. ఆ నెలలోనే కంపెనీ వెనక్కు తగ్గి, మూల నియమాలను అందరూ స్వేచ్ఛగా వాడుకునే పద్ధతిలో విడుదల చేసింది. పాఠం ఏదన్న తగవు కంటే పాఠం ఎవరిదన్న తగవు పెద్దదని వాళ్ళకు ఆ నెలలో అర్థమయింది.

మన దగ్గర దీనికి తలకిందుల పరిస్థితి. తిరుపతి వేంకట కవుల నాటకాన్ని ఎవరైనా కోయవచ్చు, కుట్టవచ్చు, మనల్ని అడిగే కంపెనీ లేదు. స్వేచ్ఛ నిండుగా వుంది. లేనిది బాధ్యత. అక్కడ ప్రతి పాఠానికీ ఒక సంవత్సరం, ఒక అట్ట, ఒక పేరు వుంటుంది. కనక ఏది ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించి వాదించవచ్చు. ఇక్కడ మార్పు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఎక్కడా రాసి వుండదు. పేరు లేని మార్పుకు సంజాయిషీ అడిగేదెవరిని?

ఇప్పుడు "చింతామణి" సంగతికి వస్తాను. కాళ్ళకూరి నారాయణరావు సంస్కరణవాది. వరకట్నం మీద "వరవిక్రయం", తాగుడు మీద "మధుసేవ", వేశ్యా వ్యామోహం మీద "చింతామణి" రాశారు. చింతామణిలో వ్యాపారి సుబ్బిశెట్టి ఒక హాస్యపాత్ర. వ్యసనంలో పడి ఇల్లు గుల్ల చేసుకునే మనిషి. అతను ఒక్కడే కాదు, పండితుడైన బిల్వమంగళుడూ, భవానీ శంకరమూ అదే గోతిలో పడినవాళ్ళు. నాటకకర్త ఉద్దేశం ఒక కులాన్ని వెక్కిరించడం కాదు, ఆ వ్యసనం కులం చూడదని చెప్పడం. చివరకు చింతామణిలో మార్పు వస్తుంది.

దశాబ్దాల కంట్రాక్టు ప్రదర్శనల్లో ఈ నాటకం ఏమయింది? నవ్వు పడిన చోటల్లా సుబ్బిశెట్టి సీను పెరిగింది. పుస్తకంలో లేని ద్వంద్వార్థపు మాటలు చేరాయి. కొన్ని ప్రదర్శనల్లో మిగిలిన నాటకమంతా ఈ సీనుకు ముందూ వెనకా అన్నట్టు తయారయింది. వేశ్యావృత్తిలో నలిగే స్త్రీ మీద జాలి పుట్టించవలసిన నాటకం ఆమెను చూసి ఈలలు వేయించింది. ముగ్గురి మీద పడవలసిన విమర్శ ఒక్కడి మీద, అతని కులం మీద, పడింది. కాటిసీనులో జరిగిందీ ఇక్కడ జరిగిందీ పైకి ఒకటే పని, పుస్తకంలో లేనిది చేర్చడం. అక్కడి చేర్పు నాటకాన్ని అందరి మీదికి విస్తరించింది. ఇక్కడి చేర్పు అందరి మీద వున్నదాన్ని ఒకడి మీదికి కుదించింది.

అభిమానులు దీని మీద తగవులాడారా? ఆడారు. ఎవరి సుబ్బిశెట్టి ఎక్కువ నవ్వించాడని ఆడారు. పెద్దలు కొందరు పాఠం చెడిపోయిందని విచారించి ఇంటికి పోయారు. మనం, అంటే అభ్యుదయ రచయితలూ అధ్యాపకులూ, పద్యనాటకం మన సంగతి కాదని అసలు పోనేలేదు. ఆర్యవైశ్య సంఘాలు తమను కించపరుస్తున్నారని ఫిర్యాదు చేశాయి. వాళ్ళ బాధలో నిజం లేకపోలేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటక ప్రదర్శనలను నిషేధించింది. ఆ నెలలోనే ఉత్తర్వును హైకోర్టులో సవాలు చేశారు.

నిషేధంతో పాఠభేదం తగవు ఒక్క దెబ్బకు తీరిపోయింది. మంచి పాఠం, చెడ్డ పాఠం, కాళ్ళకూరి రాసిందీ, కంట్రాక్టరు చేర్చిందీ అన్నీ ఒకే ఉత్తర్వు కింద పడ్డాయి. చెడిన సీనును చెడినదని చెప్పగల విమర్శ లేనిచోట, నాటకాన్నే లేకుండా చేసే అధికారం వచ్చి కూర్చుంటుంది. ఆ నాటకం ఆడి పొట్టపోసుకునే నటీనటులకు అందులో ఏ పాఠమూ మిగలలేదు.

నాటకం మీద ప్రభుత్వం చెయ్యి వేయడం మనకు కొత్త కాదు. 1876లో బ్రిటిష్ ప్రభుత్వం నాటక ప్రదర్శనల మీద చట్టం తెచ్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన "మా భూమి" నాటకాన్ని 1940ల చివర మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పుడు మనవాళ్ళు ఎదిరించారు, అది మన నాటకం గనక. చింతామణి విషయంలో మనలో చాలామంది మాట్లాడలేదు, అది మన నాటకం కాదు గనక. ఈ తేడా సిద్ధాంతం నుంచి వచ్చినది కాదు, ఉదాసీనత నుంచి వచ్చినది. ప్రజానాట్యమండలి 1943 నుంచి చేసిన పని ఏమిటి? జంగం కథను బుర్రకథగా తిరిగి మలిచి, షేక్ నాజర్ వంటి వారి నోట దానికి కొత్త ప్రాణం పోయడం. అది కూడా పాఠం మార్చడమే. మార్చే హక్కు మనకు వుందని చూపించిన వాళ్ళం, మార్పును తూచే బాధ్యతను ఇతరులకు వదిలేశాం.

కొందరు మిత్రులు ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు. కృష్ణుడి రాయబారం ఎలా చదవాలన్నది తేలితే పేదవాడికి ఒరిగేదేమిటని. నేరుగా ఒరిగేదేమీ లేదు. కాని ఒక మాట విని, అది ఎందుకన్నాడు, ఎవరికి లాభించేటట్టు అన్నాడు, ఎదుటివాడికి జవాబు చెప్పే చోటు మిగిల్చాడా అని ఆలోచించడం అలవాటయిన మనిషి, ఎన్నికల సభలోనూ అదే ఆలోచిస్తాడు. తియ్యటి గొంతుకు వన్స్‌మోర్ కొట్టడమే అలవాటయినవాడు అక్కడా అదే కొడతాడు. తెల్లవార్లూ మేలుకుని రెండు గొంతుల మధ్య తేడా పట్టగల చెవి ఈ జనానికి వుంది. ఆ చెవికి మాట మీద కూడా పట్టు చిక్కించడం మన పని.

అందుకు చేయవలసినవి కష్టమైనవేమీ కావు. పద్యనాటక పోటీలు జరిపే పరిషత్తులు, ప్రతి సమాజమూ తాను ఆడే రంగప్రతిని ముందుగా ఇవ్వాలని కోరవచ్చు. అందులో ఏది మూలం, ఏది చేర్పు, ఎవరి చేర్పు అన్నది గుర్తుపెట్టి వుండాలి. ఎవరినీ ఆపడానికి కాదు, అడగడానికి వీలుగా. కాలేజీ తెలుగు శాఖలు విద్యార్థులను గ్రంథాలయంలోని అచ్చుప్రతితో ఆపకుండా, వయసు మళ్ళిన హార్మోనిస్టుల దగ్గరికి పంపాలి. ఏ పద్యం ఎప్పుడు చేరిందో, ఏ సీను ఎందుకు పెరిగిందో, ఏ నటుడు ఏ మాట మింగేవాడో వాళ్ళకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. అది వాళ్ళతో పోకముందే రాసుకోవాలి. విమర్శకులు ప్రదర్శనకు పోయి, చూసిన పాఠం మీద సమీక్ష రాయాలి. కాళ్ళకూరిని పొగిడి ఇంట్లో కూర్చునే సమీక్ష వల్ల ఒక్క చెడ్డ మాట కూడా సీనులో నుంచి పోదు.

అభిమానుల తగవు మాత్రం ఆగకూడదు. ఇబ్రహీంపట్నం కూడలిలో షిఫ్టు దిగిన కార్మికుడూ, కూలికి పోయి వచ్చిన రైతుకూలీ ఎవరి రాయబారం గొప్పదని వాదించుకుంటున్నంతకాలం ఆ నాటకం వాళ్ళది. వాళ్ళు మానేసిన రోజున అది కంట్రాక్టరుదో, కులసంఘానిదో, ప్రభుత్వానిదో అవుతుంది. మనం ఆ తగవులో కూర్చోవాలి, ఒక పక్షం పట్టాలి. పక్షం పట్టినందుకు కారణం చెప్పాలి, ఎదుటివాడు కారణం చెప్పేదాకా వదలకూడదు.